సముద్రం కనబడని ఊరికి నౌకాదళం సంగతి ఎందుకు?



డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం గురించి తరగతిలో చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "ఆవని కొండ ఎక్కి చూసినా సముద్రం కనబడదు కదా సార్, ఇదంతా మనకెందుకు?" మంచి ప్రశ్నే. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచాలని పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ చేరింది. అది విశాఖ దగ్గరే ఉందని నమ్మించడానికి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ దొంగ వైర్‌లెస్ సందేశాలు పంపించారు. డిసెంబరు 3-4 మధ్య రాత్రి ఘాజీ రేవు ముందే మునిగిపోయింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల దెబ్బ అని మనవాళ్లంటారు. అందులోని మైన్లే పేలాయని పాకిస్తాన్ వాదన. ఏది నిజమైనా, శత్రువు మన వాకిట్లోకి వచ్చాడు.

తీరం దగ్గర కాపలా ఎందుకు కష్టం? నీటి కింది జలాంతర్గామిని సోనార్‌తో శబ్దం విని పట్టాలి. లోతు తక్కువైతే శబ్దం అడుగుకూ పైకీ కొట్టుకుని చెదిరిపోతుంది. పైగా చేపల పడవల మోత. పెద్ద యుద్ధనౌక మసలడానికి చోటు చాలదు. అందుకే ఈ పనికని 16 చిన్న ఓడలు కట్టిస్తున్నారు. మొదటిది, సుమారు 77 మీటర్ల అర్నాలా, 2025 జూన్ 18న విశాఖలో దళంలో చేరింది.

ఇంకో లోటుంది. మన కోలారులో మైన్ అంటే బంగారు గని. నౌకాదళంలో మైన్ అంటే నీళ్లలో దాచిన బాంబు. వాటిని వెతికి తీసే పాత ఓడల్లో చివరిది 2019లో సేవ నుంచి తప్పుకుంది. కొత్తవాటికి 2025 జూలైలో ప్రాథమిక ఆమోదం దొరికింది. కట్టి నీళ్లలోకి దించేసరికి ఏళ్లు పడతాయి. రేవు నోట్లో నాలుగు మైన్లు పడితే ఎంత గొప్ప ఓడైనా లోపలే ఉండిపోవాలి. నా దృష్టిలో ముందు పూడ్చవలసిన లోటు ఇదే.

మూడోది మన చేతిలో ఉంది. సోషల్ మీడియాలో పరిచయమైనవాళ్లకు ఓడల కదలికలు చేరవేశారనే ఆరోపణపై 2019 డిసెంబరులో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు అరెస్టు చేశారు. ఓడ ఎక్కడుందో తెలియకపోవడమే 1971లో విక్రాంత్‌ను కాపాడింది. మరచిపోకండి.

రేపు మన పిల్లలు కూడా నౌకాదళంలో చేరవచ్చు. వాళ్లు ఫోన్ చేస్తే "ఓడ ఎక్కడుంది, ఎప్పుడు బయలుదేరుతుంది" అని అడగకండి. వాళ్లు పంపిన ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. "తిన్నావా, బాగున్నావా" అంటే చాలు. సముద్రం కనబడని ఊరివాళ్లు చేయగలిగిన కాపలా అదే.

– ప్రధానోపాధ్యాయులు