హితబోధయు నిందయు

హైదరాబాదు చెంత శంషాబాదున 2019 నవంబరు 27వ తేది రాత్రి ఒక పశువైద్యురాలు హత్యకు గురియైన ఘోరమును తెలుగువారు మరచియుండరు. బండి నిలిచిపోగా ఆమె భయపడి సోదరికి ఫోను చేసినది. చదువుకొన్న యువతి సోదరికి గాక 100 సంఖ్యకు ఫోను చేసియుండిన బ్రదికి యుండెడిదని అప్పటి తెలంగాణ హోంమంత్రి మహమ్మద్ మహమూద్ అలీగారు సెలవిచ్చిరి. ఆ దినములందే స్త్రీలు పాటింపవలసిన జాగ్రత్తల పట్టికను హైదరాబాదు పోలీసులు ప్రకటించిరి. ప్రయాణమందు ఇంటివారికి కబురు తెలుపుచుండవలెననుట అందొకటి. ఆమె చేసినది అదియే గదా! ఇక ఆ రాత్రి ఠాణాకు పరుగెత్తిన తమకు, ఇది మా పరిధి కాదన్న సమాధానము లభించినదని ఆ కుటుంబమువారు మొఱపెట్టుకొనిరి. ఫిర్యాదు నమోదు చేయుటలో జాగు చేసిరని ముగ్గురు పోలీసు ఉద్యోగులు సస్పెండు చేయబడిరి కూడ. గడప త్రొక్కినవారికే ఈ గతి పట్టగా, 100 సంఖ్యను గూర్చి మృతురాలికి పాఠము చెప్పుట ఎట్టి న్యాయమో పాఠకులే యోచింతురు గాక.

జాగ్రత్తలు చెప్పరాదని మేమనుట లేదు. రాత్రి తలుపు గడియ సరిచూడుమని చెప్పని ఇంటిపెద్ద ఉండడు. ఆపదకు ముందు ఆత్మీయులు చెప్పిన మాట హితమే. ఆపద జరిగిన పిమ్మట ఆ మాటయే “ఆ వేళ నీకక్కడ నేమి పని?” యను ప్రశ్నయై బాధితురాలి ముందు నిలిచినచో నేరగానికి సగము వకాల్తా పుచ్చుకొన్నట్లే. కళ్లములోని ధాన్యరాశి దొంగలపాలైనపుడు, రైతు కావలి పండుకొనలేదు గనుక దొంగకు శిక్ష తగ్గింతునన్న మేజిస్ట్రేటును మేమెరుగము. కావలి కాయవలసిన తలారియే నిదురించి, తెల్లవారిన తరువాత రైతుకు బుద్ధులు గరపవచ్చినచో ఊరివారు సహింతురా? ధాన్యము విషయమున ఇంత తేటగా తోచు న్యాయము స్త్రీ మానప్రాణముల విషయమున మసకబారుట వింత.

ఈ మసక చట్టమునకును పట్టియుండెను. అత్యాచారపు కేసులలో బాధితురాలు సామాన్యముగా దుర్నడత గలదని చూపి ఆమె సాక్ష్యమును కొట్టివేయించు వీలును 1872 నాటి సాక్ష్యచట్టము ముద్దాయి కిచ్చెను. ఆ నిబంధనను తొలగించుటకు 130 ఏండ్లు పట్టినది!

2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి.కర్ వైద్యశాలలో ఒక వైద్యురాలు విధినిర్వహణమందుండగనే హత్యకు గురియయ్యెను. అక్కడికేల పోయితివని ఆమె నడుగుటకు వీలులేదు. అది ఆమె కొలువు. అయినను పశ్చిమ వంగ ప్రభుత్వము స్త్రీ వైద్యులకు రాత్రివిధులు సాధ్యమైనంత తప్పింపవలెనని సూచించెను. (కాన్పులు పగటిపూటనే జరుగునని వారికెవరు చెప్పిరో!) సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీనిని తప్పుపట్టి, భద్రత కల్పించుట ప్రభుత్వ విధియే గాని స్త్రీలను రాత్రి పనికి రావలదనుట తగదని చెప్పగా, ఆ సూచన ఉపసంహరింపబడినది.

నేరము ఎచ్చట జరిగినను ఏ ఠాణాలోనైనను సమాచారము నమోదు చేయవలెనని, 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను శాసించుచున్నది. కావున పోలీసుశాఖవారు ఇకమీద స్త్రీలకు జాగ్రత్తల పట్టికను పంపునపుడు దానితోకూడ రెండవ పట్టికను పంపుదురని కోరుచున్నాము: పరిధి పేరిట ఏ ఠాణానుండి ఎందరు త్రిప్పి పంపబడిరి, అట్లు పంపినవారిపై ఏ చర్య గైకొనబడెను, ఏ మార్గములందు రాత్రి గస్తీ లేదు, దీపములు లేవు. రెండు పట్టికలను ప్రక్కప్రక్కన ప్రకటించుటకు మేము సిద్ధముగా నున్నాము.