లెక్క కన్నా తనిఖీ ముఖ్యం

అమెరికా, రష్యాల మధ్య మిగిలిన ఆఖరి అణ్వస్త్ర పరిమితి ఒప్పందం న్యూ స్టార్ట్‌కు 2026 ఫిబ్రవరి 5తో గడువు తీరింది. 2010లో ప్రాగ్‌లో ఒబామా, మెద్వెదేవ్ సంతకాలు చేసిన ఈ ఒప్పందాన్ని ఒక్కసారే, అదీ ఐదేళ్లకు మించకుండా పొడిగించే వీలుండేది. ఆ వీలును 2021లోనే వాడేసుకున్నారు. ఇప్పుడు అందరి నోటా నానుతున్న అంకె 1,550. ఒక్కో దేశం మోహరించగల వార్‌హెడ్లకు ఒప్పందం పెట్టిన పరిమితి అది. నిజానికి ఆ అంకెకు అంత పవిత్రత లేదు. డజనుకు పైగా క్రూయిజ్ క్షిపణులు మోయగల బాంబర్ విమానాన్ని కూడా ఒక్క వార్‌హెడ్ కిందే జమకట్టేవారు. గోదాముల్లో దాచినవి, యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వస్త్రాలు అసలు లెక్కలోకే వచ్చేవి కావు. కాబట్టి 1,550 పోయిందని కంగారుపడే కన్నా, దాన్ని సరిచూసుకునే ఏర్పాటు పోయినందుకు కంగారుపడాలి. ఆ ఏర్పాటును తిరిగి నిలబెట్టడానికి కొత్త ఒప్పందం కుదిరేదాకా ఆగక్కర్లేదు.

ఏమిటా ఏర్పాటు? ఏడాదికి 18 సార్లు ఒక దేశం అధికారులు రెండో దేశపు స్థావరాలకు వెళ్లి తనిఖీ చేసే వీలుండేది. ప్రతి క్షిపణికీ, బాంబర్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉండేది. ఏది ఎక్కడుందో ఆరు నెలలకోసారి జాబితాలు మార్చుకోవాల్సి ఉండేది, కదిలిస్తే కబురు పెట్టాల్సి ఉండేది. తనిఖీకి వచ్చినవారు తాము ఎంచుకున్న క్షిపణి మీద ఎన్ని వార్‌హెడ్లున్నాయో కళ్లారా లెక్కపెట్టుకునేవారు. తనిఖీలు 2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఆగాయి, మళ్లీ మొదలు కాలేదు. 2023 ఫిబ్రవరిలో పుతిన్ ఒప్పందం అమలును నిలిపేయడంతో జాబితాలు కూడా ఆగిపోయాయి. పరిమితులను మరో ఏడాది పాటిద్దామని 2025 సెప్టెంబర్‌లో ఆయనే ప్రతిపాదించారు. అందులో తనిఖీల ఊసు లేదు. ఎదుటివాడు మాట మీద నిలబడ్డాడో లేదో చూసుకునే దారి లేనప్పుడు ఆ మాటకు విలువెంత?

చూసుకునే దారి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు. 1957లో సోవియట్లు స్పుత్నిక్‌ను ఎగరేశాక, ఖండాంతర క్షిపణుల్లో తాము వెనకబడిపోయామన్న భయం అమెరికాను పట్టుకుంది. 1960 ఎన్నికల్లో కెనెడీ దాన్నే ప్రచారాస్త్రంగా వాడుకున్నారు. సోవియట్ల దగ్గర త్వరలో వందల క్షిపణులుంటాయని అంచనాలు వేశారు. 1961లో నిఘా ఉపగ్రహాల ఫొటోలు వచ్చాక ఆ అంచనా 10–25 దగ్గరికి పడిపోయింది. వాస్తవం అంతకన్నా తక్కువే. తమాషా ఏమిటంటే, భయం అబద్ధమని తేలాక కూడా అమెరికా ఆగలేదు, వెయ్యి మినిట్‌మన్ క్షిపణులను మోహరించింది. సోవియట్ల ప్రణాళికలు సరిగ్గా తెలిసి ఉంటే ఇంత పెద్ద అస్త్రాగారం కట్టే అవసరమే ఉండేది కాదని 1967లో రక్షణ మంత్రి మెక్‌నమారా బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ వెయ్యికి మాస్కో జవాబు చెప్పింది. 1980ల నడిమికి ప్రపంచంలో అణ్వస్త్రాల సంఖ్య 70 వేల దరిదాపులకు చేరింది. ఒప్పందాల కాలంలో, ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక అవి తగ్గుతూ 12 వేలకు దిగాయి.

ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి కదా, మనుషులు వెళ్లి చూడాలా అని అడగవచ్చు. ఉపగ్రహానికి క్షిపణి గొయ్యి కనిపిస్తుంది, దాని మూత కింద ఏముందో కనిపించదు. మినిట్‌మన్–3 మీద ఇప్పుడు ఒక్క వార్‌హెడే ఉంది, మూడు పెట్టే వీలుంది. రాత్రికి రాత్రి కాకపోయినా కొన్నేళ్లలో గొయ్యి మారకుండానే బలం పెంచుకోవచ్చు. పెంచారేమోనన్న అనుమానమే ఎదుటివాడు పెంచడానికి చాలు.

ఇంకో అభ్యంతరం గట్టిది. ఉక్రెయిన్‌లో యుద్ధం చేస్తూ, మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందాన్ని ఉల్లంఘించిందని అమెరికా ఆరోపించిన రష్యాతో ఏ నమ్మకంతో కూర్చోవాలి? నమ్మకం లేదు గనకే కూర్చోవాలి. గట్టు తగాదా ఉన్నచోటే కదా సర్వేయరుతో పని. 1972 మే నెలలో నిక్సన్ ఉత్తర వియత్నాంలోని హైఫాంగ్ రేవులో మందుపాతరలు వేయించారు. సోవియట్ సరుకు దిగే రేవు అది. ఆ నెలాఖరులోనే మాస్కో వెళ్లి బ్రెజ్నెవ్‌తో మొదటి అణ్వస్త్ర పరిమితి ఒప్పందం మీద సంతకం చేశారు. అంతదూరం దేనికి, భారత్, పాకిస్తాన్‌లు పరస్పరం దాడి చేయకూడని అణు కేంద్రాల జాబితాలను 1992 నుంచి ఏటా జనవరి 1న మార్చుకుంటున్నాయి. కార్గిల్, పుల్వామాలు దాన్ని ఆపలేదు. అయితే ఖాళీలూ ఉన్నాయి. బాలిస్టిక్ క్షిపణి పరీక్షలను ముందే చెప్పుకోవాలన్న 2005 ఒప్పందంలోకి క్రూయిజ్ క్షిపణులు రావు. 2022 మార్చిలో మన బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్తాన్‌లో పడింది. అదృష్టవశాత్తూ అది ఉద్రిక్త వాతావరణంలో జరగలేదు.

చైనా సంగతేమిటన్నది నాకు అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. దాదాపు 600 వార్‌హెడ్లున్న బీజింగ్, వేలల్లో ఉన్న ఇద్దరితో సమానంగా పరిమితికి ఒప్పుకోదు. అది పెరుగుతుంటే తాను ఆగడానికి వాషింగ్టన్ ఒప్పుకోదు. అంకెల దగ్గర ఈ ముడి ఇప్పట్లో వీడదు. కబుర్ల దగ్గర మాత్రం దారి ఉంది. క్షిపణి ప్రయోగాల సమాచారం ముందే చెప్పుకోవాలని చైనా, రష్యాలు 2009లో ఒప్పందం చేసుకున్నాయి. 2024 సెప్టెంబర్‌లో పసిఫిక్‌లోకి ఖండాంతర క్షిపణిని ప్రయోగించే ముందు చైనా అమెరికాకు కబురు పెట్టింది. ప్రయోగానికి కనీసం 24 గంటల ముందు చెప్పాలన్న 1988 నాటి అమెరికా–సోవియట్ ఒప్పందం కూడా ఉంది. దాన్ని ముగ్గురికీ విస్తరించడం, ఆపేసిన జాబితాలను వాషింగ్టన్, మాస్కోలు మళ్లీ మార్చుకోవడం సెనేట్ ఆమోదం దాకా వెళ్లాల్సిన పనులు కావు. న్యూ స్టార్ట్‌కు సెనేట్‌లో 71 ఓట్లు రాబట్టే క్రమంలో ఒబామా, అణ్వస్త్ర కర్మాగారాలకు పదేళ్లలో 8,500 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెడతామని హామీ ఇవ్వాల్సి వచ్చింది. జాబితాలకు అంత బేరం అక్కర్లేదు, ఇద్దరు అధ్యక్షులు సరేనంటే చాలు.