అమెరికా కాకీ - మా అమ్మాయి పరీక్షా

పదో తరగతి పిల్ల ఉన్న ఇంట్లో తల్లిది కూడా పదో తరగతే కదండీ! మా దాచేపల్లిలో పబ్లిక్ పరీక్షలూ, మిరపకాయల పనీ ఒకేసారి వచ్చిపడతాయి. నేను తాలుకాయలు ఏరుతూ కూర్చుంటే, పక్కనే చాప మీద మా అమ్మాయి ఇంగ్లీషు పుస్తకంతో కుస్తీ పడుతోంది.

ప్రీ ఫైనల్లో నూటికి 41 వచ్చాయి. పాసు మార్కు 35 అనుకోండి, అయినా గుండె గుభేలుమంది. తప్పు దానిది కాదు. గైడు కొనిచ్చి "బట్టీ పట్టవే" అన్నది నేనే. ప్రశ్న కాస్త తిప్పి అడిగేసరికి పిల్ల కలం ఆగిపోయింది.

సరే, "ఫస్ట్ ఫ్లైట్" పుస్తకం నేనూ తెరిచాను. మొదట్లోనే అమెరికా కవి రాబర్ట్ ఫ్రాస్ట్ (1874-1963) పద్యాలు రెండున్నాయి. నాలుగుసార్లు పులిట్జర్ బహుమతి అందుకున్న మనిషి. "డస్ట్ ఆఫ్ స్నో" 8 పంక్తులే. చెట్టు మీది కాకి మంచుపొడి రాలిస్తే, దిగులుగా ఉన్న కవి మనసు తేలికపడుతుంది.

"మంచు పడితే మనసెందుకు మారుతుందమ్మా?" అంది. పల్నాడు పిల్లకి ఆ మంచు ఎలా తెలుస్తుంది! ఫ్రిజ్ పై అరలో పేరుకున్న తెల్లపొడిని చెంచాతో గీకి మెడ మీద వేశాను. కెవ్వుమంది, వెంటనే పకపకా నవ్వింది. "ఇప్పుడు నీకేమైందో అదే రాయి" అన్నాను.

అక్కడితో వదిలిందా? "కాకి తల మీద తన్నితే నాయనమ్మ తలస్నానం చేయమంటుందిగా, మరి ఈయనకి మంచి ఎలా జరిగింది?" అంది. చూశారా, గైడులో లేని ప్రశ్న! కాకీ, పేరు వింటేనే విషం గుర్తొచ్చే హెమ్లాక్ చెట్టూ అక్కడివాళ్ళకీ శుభంగా తోచవట. కవి ఏరి ఏరి వాటినే పెట్టాడు. అదే జవాబని చెప్పాను.

1920లో వచ్చిన "ఫైర్ అండ్ ఐస్" ఇంకా తేలిక. ఆశ నిప్పు, ద్వేషం మంచు. లోకం అంతం కావడానికి రెండిట్లో ఏదైనా చాలునంటాడు. పక్కవాడి గట్టు జరుపుకోవాలన్న ఆశ నిప్పు, ఆ తగాదా తర్వాత ఇరవై ఏళ్ళు పలకరించుకోకపోవడం మంచు అన్నాను. మన ఊళ్ళ పిల్లలకి అంతకన్నా చెప్పాలా?

మీరూ చేసి చూడండి. ముందు పద్యం పైకి చదివించండి. తర్వాత తెలుగులో కథలా చెప్పించుకోండి, మీకు ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు. ఆ చెప్పిందాన్నే నాలుగు చిన్న వాక్యాలుగా ఇంగ్లీషులో రాయమనండి. తప్పులు మర్నాడు బళ్ళో దిద్దించుకోవచ్చు. కవుల పేర్ల స్పెల్లింగు మాత్రం బట్టీయే, దానికి దారి లేదు.

మాకు ఇంకా కార్ల్ శాండ్‌బర్గ్ "ఫాగ్" మిగిలింది. 6 పంక్తులు. పొగమంచుని పిల్లితో పోల్చాడు. అడుగుల చప్పుడు లేకుండా పాలగిన్నె దగ్గరకొచ్చే పిల్లి మా ఇంట్లోనే ఉంది కాబట్టి, ఆ పాఠానికి నాకు ఫ్రిజ్‌తో పనిలేదు.