మీ డిస్కు జారలేదు బాబూ!

ఈ మధ్య మన సాఫ్ట్‌వేర్ జనాలు ఇద్దరు కలిస్తే ముందు హైక్ గురించి, తర్వాత ఎల్4-ఎల్5 గురించి మాట్లాడుకుంటున్నారు. ఇరవయ్యెనిమిదేళ్ళ కుర్రాడు "నాకు రెండు లెవెల్స్‌లో బల్జ్ ఉందట" అంటాడు. పక్కనున్నవాడు "నాకు మూడు" అంటాడు, అదేదో ఎంసెట్ ర్యాంకు చెప్పినట్టు. చిన్నప్పుడు కబడ్డీలో తగిలిన దెబ్బలు చూపించుకునేవాళ్ళం, ఇప్పుడు ఎమ్మారై ఫిల్ములు చూపించుకుంటున్నాం. నొప్పి నిజమే, దాన్ని నేను కాదనను. నా కోపమంతా ఆ ఫిల్ము మీద, దాన్ని చూపించి భయపెట్టేవాళ్ళ మీద, భయపడ్డానికి డబ్బులు కట్టి మరీ క్యూలో నిలబడుతున్న మన మీద.

మనకి అర్థమయ్యే భాషలోనే చెప్తా. పదేళ్ళ పాత కోడ్ ఒకటి తీసి కంపైల్ చేయండి. నాలుగొందల వార్నింగులు వస్తాయి. ఇంతలో ప్రొడక్షన్‌లో ఒక బగ్ వచ్చింది. ఆ వార్నింగుల్లో అన్నిటికంటే పైనున్నదాన్ని పట్టుకుని "ఇదే కారణం" అని క్లయింటుకి మెయిల్ కొడితే మీ లీడ్ ఏమంటాడు? "అది బగ్ లేనప్పుడు కూడా ఉంది కదరా" అంటాడు. నడుం నొప్పికి తీసే ఎమ్మారై సంగతి కూడా చాలావరకు ఇంతే. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధనలో, నడుం నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ బల్జ్ కనిపించింది. అన్ని డిస్కులూ భేషుగ్గా ఉన్నవాళ్ళు 36 శాతమే! 2015లో ఇలాంటివే 33 అధ్యయనాలు కలిపి చూశారు. మొత్తం 3,110 మంది, ఎవరికీ నొప్పి లేదు. ఇరవయ్యేళ్ళవాళ్ళలో 37 శాతానికి డిస్కు అరుగుదల ఉంది, ముప్ఫయ్యేళ్ళవాళ్ళలో 52 శాతానికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతానికి. అంటే మీ రిపోర్టులో భయంకరమైన ఇంగ్లీషులో రాసి ఉన్న ఆ మాటకి తలలో తెల్లవెంట్రుకకి ఉన్నంత విలువే చాలాసార్లు ఉంటుంది. (నొప్పి ఉన్నవాళ్ళలో ఈ మార్పులు కాస్త ఎక్కువగా కనిపిస్తాయి, అది ఒప్పుకుంటా. కానీ మీ నొప్పి ఆ మచ్చ వల్లే వచ్చిందని ఫిల్ము ఒక్కటే చూసి తేల్చలేరు.)

ఇంకోటి. డిస్కు "జారడం" అనే మాట ఎవడు పుట్టించాడో గానీ వాడికో దండం. డిస్కు ఎక్కడికీ జారదు. పైన, కింద ఎముకలకి గట్టిగా అతుక్కుని ఉంటుంది. లోపలి మెత్తటి పదార్థం ఒక పక్కకి ఉబ్బుతుంది, ఒక్కోసారి పొర చిరిగి బయటికి వస్తుంది. అలా బయటికొచ్చిన ముక్కని కూడా చాలామందిలో కొన్ని నెలల్లో శరీరమే కరిగించుకుంటుంది. ఈ సంగతి పేషెంటుకి చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషమే దొరకట్లేదు.

మా టీమ్‌లో ఒకతను, హన్మకొండ కుర్రాడే. ఓ ఆదివారం గ్యాస్ సిలిండర్ ఎత్తబోతే నడుం పట్టేసింది. మూడో రోజుకల్లా స్కాన్. డాక్టరు గారు (ఏ ఆస్పత్రో చెప్పను) ఫిల్ముని లైటు ముందు పెట్టి, పెన్నుతో ఒక నల్లమచ్చ చూపించి, వంగొద్దు, బరువులెత్తొద్దు, బండి నడపొద్దు, నెల రోజులు చెక్క మంచం మీద పడుకో, బెల్టు తియ్యకు, లేదంటే ఆపరేషనే అన్నారట. మూడు వారాల్లో నొప్పి పోయింది. ఏడాది దాటినా భయం పోలేదు. కింద పడ్డ పెన్ను పక్కవాడి చేత తీయించుకుంటాడు. రెండేళ్ళ కూతురు చేతులు చాపి పరిగెత్తుకొస్తే వాళ్ళావిడ వైపు చూస్తాడు. నొప్పి మామూలుది, దాన్ని రోగం చేసింది ఆ పెన్ను.

"రెస్ట్ తీసుకో" అన్న సలహా ఎంత పాతబడిందో చూడండి. 1995లోనే హెల్సింకి నగర ఉద్యోగుల మీద పరీక్ష చేశారు. నడుం పట్టినవాళ్ళలో కొందరిని రెండు రోజులు పడుకోమన్నారు, కొందరికి నడుం వ్యాయామాలు నేర్పారు, మిగిలినవాళ్ళని ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకోమన్నారు. త్వరగా కోలుకుంది ఈ మూడో రకం వాళ్ళే. ఇక 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. నడుం బెల్టులు, ట్రాక్షన్, ఓపియాయిడ్ మాత్రలు మామూలుగా ఇవ్వొద్దని అందులో ఉంది. వ్యాయామం, నొప్పి గురించి సరిగ్గా చెప్పడం, అవసరమైతే మానసిక చికిత్స, కొన్ని రకాల ఫిజియోథెరపీ ఇవ్వొచ్చంది. మన దగ్గరేమో బెల్టు రాయని ప్రిస్క్రిప్షన్ కనపడితే ఫ్రేము కట్టించుకోవాలి.

స్కాన్ అసలే వద్దని నేననట్లేదు, వ్యాఖ్యల్లో కొట్టడానికి రాకండి. ఒంటికి, దొడ్డికి వెళ్ళడం మీద పట్టు తప్పినా, ఒంటికి రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా ఆలస్యం చేయకుండా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళండి. కాలి పాదం పైకి లేవకపోయినా, కాలు బలం తగ్గుతూ పోతున్నా అంతే. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో కేన్సర్, పెద్ద దెబ్బ తగలడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే కూడా చూపించుకోవాలి. మన దేశంలో టీబీ వెన్నెముకకి కూడా వస్తుంది, అది మర్చిపోకూడదు. ఇలాంటివాళ్ళకి స్కాన్ ప్రాణం కాపాడుతుంది. సిలిండర్ ఎత్తి నడుం పట్టిన మూడో రోజు తీసే స్కాన్ మాత్రం స్కాన్ సెంటర్‌కే ఉపయోగం.

మా ఊళ్ళల్లో ఒక వైద్యం ఉంది. నడుం పడితే, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం మీద తన్నించుకోవడం. నవ్వకండి, అది కూడా "పనిచేస్తుంది". ఎందుకంటే ఉన్నట్టుండి పట్టిన నడుం నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే బాగా తగ్గుతుంది. ఆ మధ్యలో ఎవరు తంతే వాళ్ళకి పేరు. తన్నినవాళ్ళకి, బెల్టు అమ్మినవాళ్ళకి, తైలం రాసినవాళ్ళకి, ఎమ్మారై తీసినవాళ్ళకి... నాలుగిట్లో తన్నించుకోవడమే చవక, పైగా అందుకోసం లేచి నాలుగు ఇళ్ళు నడవాలి కూడా.

ఇక్కడ పెద్దవాళ్ళు ఒకటందుకుంటారు: "మీరు ఒళ్ళు వంచరు గనక నొప్పులు, మా కాలంలో ఇవి ఎక్కడివి?" ఈ మాటా అబద్ధమే. ఎనుమాముల మార్కెట్‌కి సీజన్లో వెళ్ళి మిర్చి బస్తాలు మోసే హమాలీలని అడగండి. కొత్తవాడలో గుంట మగ్గం మీద కూర్చుని జంపఖానాలు నేసేవాళ్ళని అడగండి. 2018లో వరంగల్ జంపఖానాలకి జీఐ గుర్తింపు వచ్చిందని మనం ఫేస్‌బుక్‌లో గర్వంగా పెట్టుకున్నాం. నేసేవాళ్ళ నడుం గురించి ఎవరూ ఏమీ పెట్టలేదు. "నడుములు ఎప్పుడో పోయినయ్ బిడ్డా" అని నవ్వేసే తాత నాకు తెలుసు. ఆయనకి సిక్ లీవు లేదు, అందుకని ఆయన నొప్పి లెక్కలోకి రాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని అంచనా. అది మనం ఐటీ వాళ్ళం పేటెంట్ తీసుకున్న జబ్బేం కాదు.

మరి మన ఆఫీసులు ఏం చేస్తున్నాయి? కుర్చీ కొనిస్తున్నాయి. మడికొండలో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయంట్ కేంద్రాలు మొదలయ్యాయి, ఓరుగల్లుకి ఐటీ వచ్చిందని సంబరపడ్డాం. రెండు నెలలకే లాక్‌డౌన్. హైదరాబాద్ నుంచి తిరిగొచ్చిన మనవాళ్ళంతా మంచాల మీద, ప్లాస్టిక్ కుర్చీల్లో కోడ్ రాశారు. అప్పట్నుంచీ ఈ ఎర్గోనమిక్ కుర్చీల పిచ్చి. నిటారుగా తొంభై డిగ్రీల్లో కూర్చుంటే నొప్పి రాదనడానికి గట్టి రుజువు లేదు. (రామప్ప గుడి మదనికలని చూడండి, ఎనిమిదొందల ఏళ్ళుగా నడుం వంచే నిలబడ్డారు. రాయి కాబట్టి సరిపోయింది, ఎమ్మారైకి పంపే వీలు లేదు.) ఒకే భంగిమలో గంటల తరబడి ఉండిపోవడం, నిద్ర చాలకపోవడం, రాత్రి పదిన్నర దాకా క్లయింట్ కాల్స్, అప్రైజల్ బెంగ... వీటికి కుర్చీలో లివర్ లేదు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల పనికి అనుమతిచ్చింది, వారానికి 48 గంటలు దాటకూడదంది. ఆరు గంటల్లోపు కనీసం అరగంట విరామం ఉండాలట. ఆరు గంటలకి ఒక అరగంట! నడుముని అడిగి రాసిన జీవో కాదది.

అందుబాటులో ఉన్న మందేమో పైసా ఖర్చు లేనిది. 2024లో లాన్సెట్‌లో ఆస్ట్రేలియా వాళ్ళ ప్రయోగం ఒకటి వచ్చింది. నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందిలో సగం మంది చేత మెల్లమెల్లగా పెంచుకుంటూ నడక అలవాటు చేయించారు, వారానికి ఐదు రోజులు, అరగంట దాకా. నడిచినవాళ్ళకి నొప్పి తిరగబెట్టడానికి పట్టిన కాలం సుమారు 208 రోజులు, నడవనివాళ్ళకి 112. మందుల కంపెనీకి ఈ ఫలితం వచ్చుంటే ఈపాటికి టీవీలో రోజూ ప్రకటన వచ్చేది. భద్రకాళి బండ్ ఉంది, సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ ఉంది. లేనిది ఆ అరగంట, దాన్ని మన క్యాలెండర్లోంచి తినేసింది ఎవరో మనకి తెలుసు.

కాబట్టి మేనేజర్లకి నా డిమాండు: కుర్చీ వద్దు, ప్రతి గంట మీటింగులో పది నిమిషాలు కోసి ఇవ్వండి. టీమ్‌లో ఒకడు కాల్ మధ్యలో లేచి నడుస్తూ మాట్లాడితే "వీడియో ఆన్ చెయ్" అనకండి. రోజూ పొద్దున పది గంటలకి స్టాండప్ అని పేరు పెట్టి పన్నెండు మందిమి నలభై నిమిషాలు కూర్చుంటున్నాం కదా, కనీసం దానికైనా నిలబడదాం.