ఢిల్లీ ఎండలో ఓవర్‌క్లాకింగ్: లాభమెంత, వేడెంత?

మెమరీ ధరలు విని కొత్త కంప్యూటర్ ఆలోచన వాయిదా వేసుకున్నవాళ్ళు తక్కువేం కాదు. చిప్ కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వెంట పరిగెడుతున్నాయి. మైక్రాన్ అయితే మామూలు కొనుగోలుదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించేసింది. అలాంటప్పుడు ఉన్న ప్రాసెసర్‌నే ఇంకాస్త వేగంగా నడిపిద్దామనుకోవడం సహజం. నేతాజీ సుభాష్ సాంకేతిక విశ్వవిద్యాలయం, ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయం ఉన్న ద్వారకలో, అద్దె గదుల్లో బడ్జెట్ కంప్యూటర్లతో నెట్టుకొచ్చే విద్యార్థులకు ఓవర్‌క్లాకింగ్ ఆశ పుట్టించే మాటే.

ఒకప్పుడు ఆ ఆశకు అర్థముండేది. 1998 నాటి ఇంటెల్ సెలెరాన్ 300ఏ చిప్‌కు బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే, 300 దగ్గర నడవాల్సింది చాలాసార్లు 450 దగ్గర నడిచేది. ఇప్పుడా మిగులును కంపెనీలే ముందుగా పిండేస్తున్నాయి. ఏఎండీ రైజెన్ 5 5600నే తీసుకోండి. దాని బూస్ట్ వేగం 4.4 గిగాహెర్ట్జ్. చేత్తో 4.6కు పెంచినా లాభం 5 శాతం లోపే. అదీ బి450, బి550 లాంటి బోర్డు ఉంటేనే. ఏ520 బోర్డుతో కుదరదు. ఇంటెల్ చవక చిప్‌లకైతే దాదాపుగా తాళమే.

ఇక ఖర్చు సంగతి. ప్రాసెసర్ వాడే విద్యుత్తు వేగంతో పాటు, వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండూ 10 శాతం చొప్పున పెంచితే విద్యుత్తు 33 శాతం పెరుగుతుంది. అదంతా వేడే. దానివల్ల చిప్ పాడైతే వారంటీ కూడా వర్తించదు.

ఆ వేడిని కూలర్ మాయం చేయదు, గదిలోకి నెడుతుంది, అంతే. సమీక్షకులు ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర పరీక్షించి 75 చూపించారంటే, గదికీ చిప్‌కీ తేడా 53 అన్నమాట. ఏసీ లేని మేడ మీది గదిలో 38 డిగ్రీలుంటే అదే కూలర్‌తో లెక్క 91కి చేరుతుంది. 5600 పరిమితి 90. అక్కడికి రాగానే చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పెంచిందంతా వృథా. 2024 మే 28న ద్వారక పక్కనున్న నజఫ్‌గఢ్‌లో 49.8 డిగ్రీలు నమోదైందని గుర్తుంచుకోవాలి. లిక్విడ్ కూలర్ అయినా గది గాలి కంటే చల్లగా ఉంచలేదు కాబట్టి, బడ్జెట్ చిప్‌కు దాని మీద అంత డబ్బు తగలేయడం దండగ.

డబ్బాలో వచ్చే చిన్న కూలర్ మాత్రం ఇక్కడి ఎండాకాలానికి చాలదనే చెప్పాలి. నాలుగు హీట్ పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ సరిపోతుంది. నెహ్రూ ప్లేస్‌కు బయల్దేరేముందు క్యాబినెట్ లోపలి వెడల్పు కొలుచుకోండి. ఇవి సుమారు 155 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. ఎడారి కూలర్ మే నెల పొడిగాలిలో గదిని చల్లబరుస్తుంది గానీ, వానలు మొదలయ్యాక తేమ తప్ప ఇచ్చేదేమీ ఉండదు. ఆ తడిగాలి నేరుగా క్యాబినెట్‌కు తగలనివ్వొద్దు. ఢిల్లీ దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు, నెలకోసారి ఫ్యాన్లు దులపాల్సిందే.

అసలు మేలు వోల్టేజి తగ్గించడంలో ఉంది. బయోస్‌లోని కర్వ్ ఆప్టిమైజర్‌తో కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతిసారీ గంటసేపు పూర్తి భారం మీద నడిపి చూడాలి. కంప్యూటర్ ఆగిపోతే ఒక మెట్టు వెనక్కి రావాలి. ఈ పరీక్ష జనవరిలో కాదు, మే నెల మధ్యాహ్నం చేయండి.