పదో తరగతి పాస్ శాతం సరే.. బెంచీ మీద కూర్చున్నది ఎవరు? బెజవాడ సర్కారు హైస్కూళ్ల అసలు లెక్క ఇదీ!

డిసెంబర్ వచ్చిందంటే చాలు.. ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల్లోని జెడ్పీ, మున్సిపల్ హైస్కూళ్లలో ఒకటే మాట.. వంద రోజుల ప్రణాళిక! పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, వెనకబడ్డ పిల్లలకు ప్రత్యేక క్లాసులు, మధ్యమధ్యలో స్లిప్ టెస్టులు. ఈ హడావుడి అంతా ఏప్రిల్‌లో వచ్చే ఒక్క అంకె కోసం. అదే పాస్ శాతం. ఆ అంకె బాగుంటే హెడ్మాస్టర్‌కు శాలువా, తగ్గితే సంజాయిషీ. మరి ఆ అంకె స్కూల్ గురించి ఎంత చెబుతోంది? అక్కడ చదివే పిల్లల ఇళ్ల గురించి ఎంత చెబుతోంది? ఫలితాల రోజు ఈ ప్రశ్న పెద్దగా వినిపించదు. కానీ సర్కారు బడి భవిష్యత్తు తేలేది ఇక్కడే.

ఆరేళ్లలో అంకెల ఊగిసలాట

ముందు రాష్ట్రం మొత్తం లెక్క చూద్దాం. 2019లో పదో తరగతి పాస్ శాతం 94.88. కరోనా వల్ల 2020, 2021లో పరీక్షలే లేవు, అందరూ పాస్. 2022లో పరీక్షలు పెట్టేసరికి 67.26 శాతానికి పడిపోయింది. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. టీచర్లు దాదాపు వాళ్లే, బడులూ అవే. మరి మూడేళ్ల తేడాతో 27 పాయింట్లు పడిపోయి, రెండేళ్లలో 19 పాయింట్లు లేచిందంటే.. ఈ అంకెను బోధన ఒక్కటే నడిపించడం లేదన్నమాట. పరీక్ష ఎలా పెట్టారు, ఆ బ్యాచ్ ఏ పరిస్థితుల్లో చదివింది, ఎవరు పరీక్ష రాశారు.. ఇవన్నీ అందులో కలిసి ఉంటాయి.

2025 ఫలితాల్లోనే ఇంకో కోణం ఉంది. అమ్మాయిలు 84.09 శాతం పాసైతే, అబ్బాయిలు 78.31 శాతం. ఒకే క్లాసు, ఒకే టీచరు.. అయినా దాదాపు 6 పాయింట్ల తేడా! అంటే బడి తలుపు బయట జరిగేది కూడా మార్కుల్లో కనిపిస్తోంది.

బెజవాడ బడిలో ఎవరున్నారు?

విజయవాడ అంటే రాష్ట్రంలో చాలామందికి గుర్తొచ్చేది కార్పొరేట్ చదువు. శ్రీచైతన్య 1986లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆ తర్వాత బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు పొడవునా క్యాంపస్‌లు వరుసకట్టాయి. ఫీజు కట్టగలిగిన కుటుంబం, అప్పు చేసైనా కడదామనుకున్న కుటుంబం పిల్లల్ని అటు పంపడం ఏళ్ల తరబడి జరుగుతున్నదే.

ఇక మిగిలింది ఎవరు? సింగ్ నగర్, పాయకాపురంలో ఆటో నడిపేవాళ్లు, తాపీ పని చేసేవాళ్ల పిల్లలు. వన్‌టౌన్‌లో ముఠా కూలీలు, చిన్న చిన్న కొట్లలో పనిచేసేవాళ్ల పిల్లలు.. వీళ్లలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఆటోనగర్ చుట్టుపక్కల మెకానిక్ షెడ్లలో పనిచేసేవాళ్ల పిల్లలు. కృష్ణలంక కరకట్ట వైపు ఇళ్లల్లో పాచిపనికి వెళ్లే తల్లుల పిల్లలు. ఊరు దాటి డెల్టాలోకి వెళ్తే కౌలు రైతులు, వ్యవసాయ కూలీల పిల్లలు. కైకలూరు వైపు చేపల చెరువుల దగ్గర కాపలా ఉండే కుటుంబాలు. దివిసీమలో మత్స్యకారులు, యానాదులు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఎస్సీలు సుమారు 19 శాతం, ఎస్టీలు 3 శాతం. సర్కారు హైస్కూల్ హాజరుపట్టీ తీసి చూస్తే ఈ వర్గాల పిల్లల సంఖ్య జనాభాలో వాటా కంటే ఎక్కువగా కనిపించడం మామూలే.

ఈ ఇళ్లల్లో నాట్ల కాలంలో, కోతల కాలంలో పిల్లలు బడి మానడం కొత్త కాదు. తొమ్మిదో తరగతి అబ్బాయి షెడ్డులో పానా పట్టుకుంటే ఆ రోజుకు ఇంటికి ఇంత డబ్బు వస్తుంది. చెల్లినో తమ్ముడినో చూసుకునే పని అమ్మాయి మీద పడుతుంది. ఇంట్లో ట్యూషన్ చెప్పేవాళ్లు ఉండరు, చాలా ఇళ్లల్లో చదువుకోవడానికి విడిగా గది కూడా ఉండదు. ఒక్కరికే ఫీజు కట్టే స్తోమత ఉంటే ప్రైవేట్‌కు పంపేది కొడుకునే. ఉమ్మడి ఏపీలో 2002 నుంచి 3 వేల మంది పిల్లల్ని వెంటాడి చూసిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం కూడా ఈ మొగ్గునే చూపించింది.

ఏరుకున్న పిల్లలు.. వచ్చిన పిల్లలు

ఇక్కడే అసలు తిరకాసు. చాలా ప్రైవేట్ స్కూళ్లు చేర్చుకునేటప్పుడే పిల్లాడిని పరీక్షిస్తాయి. సర్కారు హైస్కూల్‌కు ఆ అవకాశం లేదు. గేటు ముందుకు వచ్చిన ప్రతి పిల్లాడినీ చేర్చుకోవాల్సిందే. తెలుగు పేరా కూడా సరిగ్గా చదవలేక ఆరో తరగతికి వచ్చినవాడైనా సరే, ఫీజు బాకీ వల్ల మధ్యలో ప్రైవేట్ మానేసి వచ్చినవాడైనా సరే.

సర్కారు బడుల్లోనూ ఈ వడపోత ఉంది. 2025 ఫలితాల్లో ఏపీ రెసిడెన్షియల్, బీసీ గురుకులాల పాస్ శాతం 95.02. గురుకుల టీచర్లు బాగా చెప్పరని ఎవరూ అనరు. కానీ ఏపీఆర్ స్కూళ్లలో ఐదో తరగతిలో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. పైగా హాస్టల్, వేళకు భోజనం, రాత్రి స్టడీ అవర్. ఊళ్లో చురుకైన పిల్లలు గురుకులానికి, డబ్బున్న పిల్లలు ప్రైవేట్‌కు వెళ్లాక మిగిలినవాళ్లతో నడిచేది జెడ్పీ హైస్కూల్. ఈ మూడింటినీ ఒకే అంకెతో కొలిచి ర్యాంకులు ఇస్తున్నాం.

ఈ తేడాను శాస్త్రీయంగా తేల్చిన ప్రయోగం మన రాష్ట్రంలోనే జరిగింది. 2008లో మొదలుపెట్టి ఉమ్మడి ఏపీలోని ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో లాటరీ తీసి కొందరు చిన్నపిల్లలకు ప్రైవేట్ బడి ఫీజు ఓచర్లు ఇచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్ల తర్వాత లెక్క చూశారు. ఓచర్ వచ్చి ప్రైవేట్‌కు వెళ్లిన పిల్లలు, లాటరీ తగలని పిల్లల కంటే తెలుగులో గానీ, లెక్కల్లో గానీ మెరుగ్గా లేరు! హిందీలో మాత్రం ముందున్నారు. అంటే ప్రైవేట్ బడి మార్కుల్లో మనకు కనిపించే ఆధిక్యంలో పెద్ద వాటా పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్నదే.

అలాగని సర్కారు బడి సంబరపడాల్సిన పనీ లేదు. అవే ఫలితాలను ప్రైవేట్ బడులు ప్రభుత్వం పెట్టే ఖర్చులో మూడో వంతు కంటే తక్కువతోనే సాధించాయని అదే అధ్యయనం చెప్పింది. పైగా అది ప్రాథమిక తరగతుల లెక్క. హైస్కూల్‌కు అచ్చంగా అతికించలేం.

ఒక బ్యాచ్ ఏమేం చూసింది?

2025 మార్చిలో పరీక్ష రాసిన పిల్లల సంగతే తీసుకోండి. ఐదో తరగతిలో ఉండగా కరోనా వచ్చి బడి మూతపడింది. ఆరో తరగతి చాలావరకు ఇంటి దగ్గరే గడిచింది. ఫోన్ ఉన్న ఇంట్లో పాఠం విన్నారు, లేని ఇంట్లో వినలేదు. ఆ ఆరో తరగతి నుంచే ఇంగ్లిష్ మీడియం. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్‌తో పుస్తకాలు వచ్చాయి. వెయ్యి ప్రభుత్వ స్కూళ్లను సీబీఎస్ఈలోకి మార్చారు, 2024లో మళ్లీ స్టేట్ బోర్డుకు తెచ్చారు. పరీక్షకు నమోదైన 6.19 లక్షల మంది రెగ్యులర్ విద్యార్థుల్లో 5.64 లక్షల మందిది ఇంగ్లిష్ మీడియమే. తెలుగు మీడియం 51 వేలు మాత్రమే.

బెజవాడ పిల్లలకు వీటన్నింటి మీద ఇంకో దెబ్బ. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగింది. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఆ కాలనీల్లో ఇళ్లల్లోకి నీళ్లొస్తే మొదట పోయేది పుస్తకాల సంచీ. తండ్రి ఆటో మునిగింది, రిపేరుకు అప్పు చేయాల్సి వచ్చింది. ఆ ఇంటి పదో తరగతి విద్యార్థి ఆరు నెలలకే పరీక్ష హాల్లో కూర్చోవాలి. ఆ బడి ఫలితాన్ని వరద ముఖం చూడని బడి ఫలితం పక్కన పెట్టి ‘మీరెందుకు వెనకబడ్డారు’ అంటే సమాధానం ఏం చెబుతారు?

మన్యం చెప్పే పాఠం

అయితే పేదరికం పేరు చెప్పి తప్పించుకోవడానికీ వీల్లేదు. 2023, 2024, 2025.. వరుసగా మూడేళ్లు రాష్ట్రంలో మొదటి స్థానం పార్వతీపురం మన్యం జిల్లాదే. 2025లో అక్కడ 93.90 శాతం. కార్పొరేట్ విద్యకు పెట్టింది పేరైన డెల్టా జిల్లాలు ఆ కొండల జిల్లా వెనకే నిలబడ్డాయి.

అదే ఏడాది చివరి స్థానం అల్లూరి సీతారామరాజు జిల్లాది.. 47.64 శాతం. రెండూ గిరిజన ప్రాంతాలే, రెండు చోట్లా పేదరికమే. అయినా తేడా 46 పాయింట్లు! ఇంటి పరిస్థితే అంతా నిర్ణయిస్తుందంటే ఈ తేడా ఉండకూడదు. టీచర్లు ఉన్నారా, రోజూ వస్తున్నారా, వెనకబడ్డ పిల్లాడిని ఎవరైనా పట్టించుకుంటున్నారా అన్నదీ గట్టిగానే పనిచేస్తుంది. ఇల్లు ఎంత, బడి ఎంత అన్నది విడదీసి చూడకపోతే మంచి బడినీ గుర్తించలేం, నిద్రపోతున్న బడినీ లేపలేం.

నూజివీడు ఎప్పుడో ఒప్పుకుంది!

ఈ సూత్రం ప్రభుత్వానికి తెలియనిదేం కాదు. విజయవాడకు దగ్గర్లోనే ఉన్న నూజివీడు ట్రిపుల్ ఐటీని చూడండి. 2008లో మొదలైన ఆర్జీయూకేటీలో పదో తరగతి మార్కులతోనే సీటు. ఆరేళ్ల చదువు, చివర్లో బీటెక్ పట్టా. కూలి పని చేసే ఇంటి పిల్లలకు ఇంతకంటే పెద్ద మలుపు లేదు. అందుకే ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడుల్లో చదివినవాళ్లకు 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. దాని పేరే డిప్రివేషన్ స్కోరు.

అంటే ఏంటి? మున్సిపల్ హైస్కూల్ పిల్లాడి 540 మార్కులు, అన్ని వసతులున్న చోట చదివిన పిల్లాడి 540 మార్కులు ఒకటి కాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. పిల్లాడికి వర్తించిన ఈ న్యాయం, వాడికి చదువు చెప్పిన బడికి ఎందుకు వర్తించదు?

ఒక్క అంకె చేసే నష్టం

పాస్ శాతమే కొలబద్ద అయినప్పుడు బడిలో దృష్టి ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు. 30 మార్కుల దగ్గర ఉన్న పిల్లాడిని 35కి లాగడం మీదే శ్రద్ధంతా. 15 మార్కుల దగ్గర ఉన్నవాడు లాభం లేని ఖాతాలో పడతాడు. 80 వచ్చేవాడిని 95కి చేర్చే తీరిక ఎవరికీ ఉండదు. నూజివీడు సీటు పోయేది ఆ 15 మార్కుల దగ్గరే.

ఇదిలా ఉంటే, తక్కువ శాతం వచ్చిన బడి నుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తీసేస్తారు. మొదట వెళ్లిపోయేది కాస్త స్తోమత ఉన్నవాళ్లే. 2025 జూన్ నుంచి ఇస్తున్న తల్లికి వందనం ప్రైవేట్ బడి పిల్లలకూ వర్తిస్తుంది. పిల్లకు 13 వేలు చొప్పున చేతికి వచ్చే ఆ డబ్బు కొన్ని ఇళ్లల్లో ప్రైవేట్ ఫీజుకే పోతుంది. చురుకైన పిల్లలు తగ్గితే మరుసటి ఏడాది శాతం ఇంకా పడుతుంది. 2022లో జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడూ దూరం వల్ల ప్రైవేట్ వైపు చూసిన తల్లిదండ్రులు ఉన్నారు. 2025లో ఆ జీవో రద్దయింది. కానీ వెళ్లిన పిల్లలు అంత తేలిగ్గా వెనక్కి రారు.

మరి ఏం చేయాలి?

మార్గం కొత్తదేం కాదు. ఇంగ్లండ్‌లో 2016 నుంచి ‘ప్రోగ్రెస్ 8’ అనే లెక్క తెచ్చారు. ప్రాథమిక బడి ముగిసేసరికి పిల్లలు ఎక్కడున్నారు, సెకండరీ ముగిసేసరికి ఎక్కడికి చేరారు అన్నది చూస్తారు. బడికి మార్కులు ఆ ప్రయాణానికే.

మన దగ్గర దీనికి కావాల్సిన సరంజామా చాలావరకు ఉంది. విద్యార్థికి అపార్ ఐడీ ఉంది. హాజరు ఆన్‌లైన్‌లో పడుతోంది. మెగా పీటీఎంలో తల్లిదండ్రుల చేతికి ప్రోగ్రెస్ కార్డు ఇస్తున్నారు. ఆరో తరగతిలో చేరిన నెలలోనే తెలుగు, ఇంగ్లిష్, లెక్కల్లో చిన్న పరీక్ష పెట్టి ఆ మార్కులు దాచిపెడితే చాలు. పదో తరగతి ఫలితాల రోజు పాస్ శాతం పక్కనే ఇంకో గడి వేయొచ్చు.. ఈ పిల్లలు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరారు అని.

ఉదాహరణకు రెండు బడులు అనుకుందాం. రెండింటిలోనూ 60 మంది చొప్పున. మొదటి బడిలో ఆరో తరగతికే అందరికీ చదవడం వచ్చు, 54 మంది పాసయ్యారు. రెండో బడిలో 25 మందికి చదవడమే రాదు, అయినా 48 మంది పాసయ్యారు. ఇప్పటి లెక్కలో మొదటి బడికి 90 శాతం, రెండోదానికి 80 శాతం. శాలువా మొదటి హెడ్మాస్టర్‌కే. కానీ ఎక్కువ పని జరిగింది ఎక్కడో చూస్తేనే తెలుస్తోంది.

ఈ లెక్క ఉంటే టీచర్లను ఎక్కడికి పంపాలో కూడా తేలుతుంది. 2018 తర్వాత ఏడేళ్లకు, 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు గాను 15,941 మంది ఎంపికయ్యారు. ఎక్కువ మంది వెనకబడి మొదలయ్యే బడికి లెక్కల టీచరు, ఇంగ్లిష్ టీచరు ముందు వెళ్లాలి. వంద రోజుల ప్రణాళిక పదో తరగతి చివర్లో కాదు, ఆరో తరగతి మొదట్లో కావాలి.

వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ ఫలితాలొస్తాయి. మళ్లీ జిల్లాల ర్యాంకులు, సున్నా శాతం బడుల జాబితా టీవీ తెరల మీద తిరుగుతాయి. 2025లో అలాంటి బడులు 19 ఉన్నాయి. ఆ జాబితా చూసినప్పుడు శాతం ఎంత అని అడగడంతో పాటు.. ఆ బడిలో ఆరో తరగతిలో చేరిన పిల్లలెవరు, ఐదేళ్లలో వాళ్లకు దక్కిందేంటి అని కూడా అడగాలి. సింగ్ నగర్ పిల్లాడి సీటు, బడి పరువు.. రెండూ ఆ సమాధానం మీదే ఆధారపడి ఉన్నాయి.