ఏ పగులు ముందు? ఎనుమాముల సరుకు, సంసంజన మండల నమూనా

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ యార్డులో జనవరి మాసాంతం నుంచి మే వరకు ఎండుమిర్చి బస్తాలు బారులు తీరి ఉంటాయి. ఉదయం జెండా పాటలో పలికిన ధర ఆ రోజుకు గరిష్ఠ ధర మాత్రమే. అది ప్రతి రాశికీ దక్కదు. కొనుగోలుదారు బస్తా మూతి విప్పి, గుప్పెడు కాయలు వెలికి తీసి రంగు, తేమ, తాలు చూస్తాడు. కాయ చిట్లి గింజ రాలుతున్న సరుకైతే ధర అక్కడే తగ్గుతుంది. ఈ నష్టం తప్పించుకోవడానికి బస్తా తొక్కే ముందు కాయలపై నీరు చిలకరించడం కల్లాల్లో వాడుకలో ఉన్న పద్ధతి. నీరు తగిలిన తొక్క మెత్తబడి వంగుతుందే గాని విరగదు. ఏ సమీకరణమూ ఎరుగకుండానే రైతు ఆ తొక్కను పగులగొట్టడానికి కావలసిన శక్తిని పెంచుతున్నాడన్నమాట. అయితే నిల్వకు 10–11 శాతం తేమ తగినదన్నది సిఫారసు. చిలకరింపుతో ఆ హద్దు దాటితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది. ఐరోపా సమాఖ్య ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1కు కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లకు 10 మైక్రోగ్రాములు పరిమితిగా నిర్ణయించింది. విరిగితే ఒక నష్టం, విరగకుండా చూడబోతే మరొక నష్టం.

ఈ సమస్య మూలంలో భంగ యాంత్రిక శాస్త్రానికి చెందినది. తొడిమ తీసే యంత్రం, మక్కలు ఒలిచే యంత్రం, బస్తా తొక్కిడి, లారీ కుదుపు, వీటన్నిటా ఒక ఘనపదార్థం ఎక్కడ, ఎంత బలానికి, ఏ తేమలో పగులుతుందన్నదే ప్రశ్న. పరిమిత మూలకాల విశ్లేషణలో పగులును అనుకరించడానికి నేడు విస్తృతంగా వాడుతున్న సాధనం కోహెసివ్ జోన్ మోడల్, అనగా సంసంజన మండల నమూనా. అబాకస్, ఆన్సిస్ వంటి ప్యాకేజీలలో ఇది సిద్ధంగా లభిస్తుంది. సిద్ధంగా లభించడమే ఇక్కడ కొంత చిక్కు. మెనూలో అడిగిన గళ్లలో సంఖ్యలు నింపితే తెరపై పగులు కదులుతుంది. ఆ సంఖ్యలు ఎక్కడివన్న ప్రశ్న సిద్ధాంత వ్యాసాల మౌఖిక పరీక్షలో అడగవలసినంత గట్టిగా అడగడం లేదు.

నమూనా వెనుక ఉన్న భావన సరళమైనది. 1921లో గ్రిఫిత్ గాజుపై చేసిన పరిశోధనతో పగులు పెరుగుదలకు శక్తి లెక్క దొరికింది. కాని ఆ లెక్కలో పగులు మొన అనంత తీక్షణం. అక్కడ ప్రతిబలం కూడా అనంతమవుతుంది. పదార్థం అలా ప్రవర్తించదు. ఉక్కు రేకులపై డగ్‌డేల్ 1960లోను, పెళుసు పదార్థాలపై బరెన్‌బ్లాట్ 1962లోను ప్రతిపాదించినదేమంటే, పగులు మొన ముందు ఒక చిన్న మండలం ఉంటుంది. అక్కడ రెండు తలాలు ఎడమవుతున్నా ఇంకా ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. ఎడం పెరిగే కొద్దీ ఆ పట్టు మొదట పెరిగి, గరిష్ఠాన్ని చేరి, ఆపై సడలి సున్నా అవుతుంది. ఎడానికీ పట్టుకూ గల ఈ సంబంధమే సంసంజన నియమం. దాని గరిష్ఠం పదార్థపు బలం. దాని వక్రరేఖ కింది వైశాల్యం ఏకాంక వైశాల్యపు భంగ శక్తి. 1976లో స్వీడన్‌లోని లుండ్‌లో హిల్లర్‌బోర్గ్ తన సహచరులతో కలిసి ఈ భావనను కాంక్రీటుకు వర్తింపజేసి పరిమిత మూలకాల పద్ధతిలో చేర్చాడు. నేటి వాడుకకు ఆ వ్యాసమే ముఖ్యమైన మెట్టు.

కాంక్రీటు గురించి చెప్పుకొన్న తరువాత మిర్చికి రావడం విడ్డూరంగా తోచవచ్చు. కాని లంకె ఉంది. యంగ్ గుణకాన్ని భంగ శక్తితో గుణించి, తన్యతా బలపు వర్గంతో భాగిస్తే ఒక నిడివి వస్తుంది. సంసంజన మండలం ఏపాటి పెద్దదో అది సూచిస్తుంది. కాంక్రీటుకు ఈ నిడివి సుమారు 200 నుంచి 400 మిల్లీమీటర్లు. అందుచేత అడుగు మందం గల దూలానికి గ్రిఫిత్ లెక్క నేరుగా పనికిరాదు. మక్క గింజ నిడివి ఒక సెంటీమీటరు. ఎండుమిర్చి తొక్క మందం మిల్లీమీటరులో కొంత భాగం. ఇంత చిన్న వస్తువులో మండలం వస్తువంత పెద్దదయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. కనుక ఈ నమూనాను పంట గింజలకు వాడటం ఆడంబరం కాదు, అవసరమే.

మరింత బలమైన కారణం మరొకటి ఉంది. వ్యవసాయ యంత్రాల పని పగులును ఆపడం కాదు. రెండు పగుళ్లలో కావలసినది ముందు జరిగేటట్లు చూడటం. మక్కలు ఒలిచేటప్పుడు గింజ మొదలు కంకి బెండు నుంచి ఊడాలి, గింజ మాత్రం చిట్లరాదు. తొడిమ తీసేటప్పుడు కాయకూ తొడిమకూ మధ్య అతుకు తెగాలి, తొక్క చిరగరాదు. రెండు చోట్లా ప్రకృతే గీసి ఇచ్చిన ఒక సంధి తలం ఉంది. పగులు నడిచే దారి ముందే తెలిసిన చోట సంసంజన మూలకాలను ఆ దారి వెంట అమర్చవచ్చు. ఈ నమూనా అన్నిటికన్నా బాగా పనిచేసేది అక్కడే. ఆ సంధికి ఒక నియమం, తొక్కకు లేదా గింజ దేహానికి మరొక నియమం ఇచ్చి, పళ్ల వేగం, ఖాళీ, తగిలే కోణం మార్చి చూస్తే ఏ పగులు ముందు జరుగుతుందో గణన చెబుతుంది. ఇనుము కోయకుండానే పది రూపాలు పరీక్షించవచ్చు. తొడిమ తీసే పని నేడు ఎక్కువగా కిలోకింత చొప్పున కూలి తీసుకొనే స్త్రీల చేతుల మీదుగా జరుగుతున్నది గనుక, అటువంటి యంత్రం రావడం అందరికీ శుభవార్త కాదన్నది కూడా విస్తరణ శాస్త్రవేత్తలు మరువరాదు.

ఇంత ప్రయోజనం గల సాధనం అరువు సంఖ్యలతో నడిస్తే వచ్చేది రంగుల బొమ్మ మాత్రమే. సాధారణంగా జరిగేది ఇది. యంగ్ గుణకాన్ని ఒక దేశపు రకం మీది వ్యాసం నుంచి, బలాన్ని మరొక వ్యాసం నుంచి తీసుకొంటారు. భంగ శక్తి దొరకదు. అప్పుడు ఒక సంపీడన పరీక్ష చేసి, బలం–స్థానభ్రంశం వక్రరేఖతో గణన సరిపోయే వరకు భంగ శక్తిని, బలాన్ని అటూ ఇటూ సవరిస్తారు. తరువాత అదే వక్రరేఖను చూపి నమూనా ధృవీకరించబడిందని రాస్తారు. ఒకే రేఖ నుంచి రెండు అవ్యక్తాలను రాబట్టినప్పుడు బలం తగ్గించి శక్తి పెంచినా, శక్తి తగ్గించి బలం పెంచినా ఇంచుమించు అదే రేఖ రావచ్చు. ఆ పరీక్షకు రెండు జంటలూ సమానమే. యంత్రంలో పంటి దెబ్బకు మాత్రం రెండూ రెండు వేర్వేరు జవాబులు ఇస్తాయి. సరిపెట్టడానికి వాడిన పరీక్షనే సాక్ష్యంగా చూపడం ఏ శాస్త్రంలోనూ సమ్మతం కాదు.

జాలకం విషయంలోనూ ఇటువంటి అరువే జరుగుతున్నది. సంసంజన మండలపు నిడివిలో కనీసం మూడు నుంచి ఐదు మూలకాలైనా పట్టాలి. అంత సన్నని జాలకానికి కంప్యూటరు సమయం ఎక్కువ. విమాన భాగాలలో వాడే పొరల మిశ్రమ పదార్థాల సాహిత్యంలో దీనికొక ఉపాయం కనిపిస్తుంది. భంగ శక్తిని అలాగే ఉంచి బలాన్ని తగ్గిస్తే మండలం సాగుతుంది, ముతక జాలకం సరిపోతుంది. అక్కడ అది చెల్లుతుంది. ఎందుకంటే అక్కడ పగులు ముందే పొడవుగా ఉంటుంది, దాని పెరుగుదలను నడిపేది శక్తి. మిర్చి తొక్కలోనో, చెక్కుచెదరని మక్క గింజలోనో పగులు కొత్తగా పుట్టాలి. పుట్టుకను నిర్ణయించేది బలం. అక్కడ బలాన్ని తగ్గిస్తే కనుగొనదలచిన విషయాన్నే మార్చివేసినట్లు. గణన నిలవనప్పుడు స్నిగ్ధ అవమందనం చేర్చడం కూడా అంతే. చేర్చవచ్చు గాని, ఆ కృత్రిమ స్నిగ్ధత మింగిన శక్తి భంగ శక్తిలో ఎంత భాగమో వ్యాసంలో రాయాలి. ఆ ఒక్క వాక్యం లేని వ్యాసాన్ని సమీక్షకులు వెనక్కి పంపడం న్యాయం.

అన్నిటికన్నా పెద్ద విషయం తేమ. ఎనుమాములకు ఒకే వారంలో వచ్చే సరుకులో కల్లంలో పది రోజులు ఎండినదీ ఉంటుంది, అకాల వర్షానికి తడిసి మళ్లీ ఎండినదీ ఉంటుంది, నిన్న రాత్రి నీరు చిలకరించినదీ ఉంటుంది. మక్కలకు మద్దతు ధర కొనుగోలులో తేమ పరిమితి 14 శాతం. ఆ హద్దుకు చాలా పైన ఒలిస్తే గింజ నలుగుతుంది, మరీ ఎండిన తరువాత ఒలిస్తే చిట్లుతుంది. నడుమ ఎక్కడో అనుకూలమైన తేమ ఉంది. అది ఎక్కడన్నది సంధి బలమూ గింజ బలమూ తేమతో ఏ రేటున మారతాయన్న దానిపై ఆధారపడుతుంది. రెండూ ఒకే రేటున మారతాయని అనుకోవడానికి ఆధారం లేదు. అందుకే స్థిరమైన ఒకే జత సంఖ్యలతో నడిపిన అనుకరణ, ఎంత సన్నని జాలకమైనా, రైతు అడిగే ప్రశ్నకు జవాబివ్వదు. రకాల మధ్య తేడా కూడా తక్కువది కాదు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా లావుపాటి, టమాటాను తలపించే కాయ. తేజ సన్నని కాయ. ఒకదానికి కొలిచిన సంఖ్యను మరొకదానికి వాడటం సాహసం.

వరి ఉదాహరణ ఈ సంగతిని మరింత స్పష్టం చేస్తుంది. ధాన్యం ఎక్కువగా కొనుగోలు కేంద్రాల మీదుగా వెళ్తుంది గనుక ఎనుమాములలో దాని సందడి తక్కువే. కాని 2021–22లో ఉప్పుడు బియ్యం సేకరణపై రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య తలెత్తిన వివాదం మొత్తం గింజ పగులు చుట్టూ తిరిగినదే. యాసంగి ధాన్యాన్ని పచ్చి బియ్యంగా మరపడితే నూక అధికమవుతుందన్నది రాష్ట్రం వాదన. పచ్చి బియ్యంలో నూకకు అప్పటి సేకరణ ప్రమాణం 25 శాతం. ఎండిన గింజ రాత్రి మంచుకో వానకో తేమ పీల్చుకొన్నప్పుడు పైపొర ఉబ్బి, లోపలి భాగం లాగుడుకు గురై చీలుతుందన్నది చాలా కాలంగా తెలిసిన సంగతే. ఆరబెట్టేటప్పుడు గింజ ఉపరితలం గాజు స్థితిలోనూ నడిభాగం రబ్బరు స్థితిలోనూ ఉండటం చీలికకు మరొక కారణమని అమెరికాలోని ఆర్కెన్సా విశ్వవిద్యాలయంలో సీబెన్‌మార్గెన్ బృందం వివరించింది. అంటే ఇక్కడ తేమ ప్రవాహమూ ఉష్ణోగ్రతా పగులూ కలిసి నడుస్తాయి. అంతటి వివాదంలో వరంగల్ సాంబ గింజ భంగ శక్తి ఏ తేమలో ఎంత అన్న పట్టిక బల్లపై ఉండి ఉంటే, వాదన రాజకీయం నుంచి కొంతైనా కొలతల వైపు జరిగి ఉండేది.

మిర్చి కాయకు ఇంత గణితం ఎందుకన్న అభ్యంతరం సహేతుకమైనదే. టార్పాలిన్లపై ఎండబెట్టమని, నీరు చిలకరించవద్దని, సాయంత్రం రాశిపై కప్పమని చెప్పడానికి ఏ అనుకరణా అక్కరలేదు. అటువంటి సలహాకు మూలకాల బొమ్మ జోడించడం కాగితం దండగ. అనుకరణ కావలసినది యంత్రం రూపం, వేగం నిర్ణయించే చోట మాత్రమే. అక్కడైనా కొలత ముందు, గణన తరువాత.

కొలతకు కావలసినవి వరంగల్‌కు దూరమైనవి కావు. ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, వ్యవసాయ కళాశాల ఇక్కడే ఉన్నాయి. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన జాతీయ సాంకేతిక సంస్థ ఇదే నగరంలో ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. తేమను స్థిరపరచడానికి ఖరీదైన గది అక్కరలేదు. మూతబిగిసిన గాజు పాత్రలో సంతృప్త ఉప్పు ద్రావణం ఉంచితే చాలు. మామూలు తినే ఉప్పు ద్రావణం పైగాలిలో సాపేక్ష ఆర్ద్రతను 75 శాతం వద్ద, మెగ్నీషియం క్లోరైడు 33 శాతం వద్ద, లిథియం క్లోరైడు 11 శాతం వద్ద నిలుపుతాయి. తొక్క నుంచి కోసిన పట్టీని లాగితే బలం వస్తుంది. అదే తొక్కను లాగు కాళ్ల వలె మధ్యకు కోసి రెండు వైపులా చించితే, చేసిన పనిని కొత్తగా ఏర్పడిన వైశాల్యంతో భాగించి భంగ శక్తి రాబట్టవచ్చు. ఇవి రెండు విడి పరీక్షలు, రెండు విడి సంఖ్యలు. తొడిమను కాయ నుంచి లాగే పరీక్షను వీటితో కలపకుండా పక్కన పెట్టాలి. నమూనా నిజమో కాదో తేల్చేది అదే. మెల్లగా లాగే ప్రయోగశాల యంత్రానికీ, తిరిగే డ్రమ్ము పంటి దెబ్బకూ వేగంలో ఎంతో అంతరం ఉంది గనుక, అదే కొలతను లోలకపు దెబ్బతో మరొకసారి చేయవలసి ఉంటుంది.

నమూనా సరుకు మాత్రం పరిశోధనా క్షేత్రం నుంచి కాక యార్డు నుంచే రావాలి. క్షేత్రపు కాయ ఒకే మడిది, ఒకే రోజు కోసినది, ఒకే తీరున ఎండినది. దడువాయి కాంటా మీదికి వచ్చే కాయ అలాంటిది కాదు. ఫిబ్రవరి నుంచి మే వరకు వారానికొకసారి, పాటకు ముందే, రైతు అనుమతితో బస్తా పైభాగం, నడుము, అడుగు నుంచి విడివిడిగా కాయలు తీసి, గాలి చొరని సంచిలో మూసి, అదే రోజు తేమ కొలిచి, రకం పేరుతో పాటు ఎండిన రోజులూ నీరు చిలకరించినదీ లేనిదీ రాసుకోవాలి. చివరి ప్రశ్నకు రైతు నిజం చెప్పాలంటే, ఆ రాత వ్యాపారి కంట గాని అడ్తిదారు కంట గాని పడదన్న హామీ మొదటి రోజే ఇవ్వాలి.